బుజ్జీ, కాలు అలా ఎత్తెయ్యకు

బుజ్జీ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. "నీ మేనకోడలు కంప్యూటర్‌లో కారు రేసు గేమ్ ఆడటానికి చదువుకునే బల్లకి స్టీరింగ్ బిగించింది, అన్నీ నీ బుద్ధులే" అని అరగంట దులిపింది. ఆవిడ ముందు నిన్ను నాలుగు మాటలన్నాను గానీ, ఫోన్ పెట్టేశాక ఒక్కడినే కూర్చుని నవ్వుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. అందుకే పొద్దున్నే ఈ ఉత్తరం.

ముందు చిన్న చిన్నవి. పెడళ్లు గోడకి ఆనించు, లేకపోతే బ్రేకు తొక్కినప్పుడల్లా జారిపోతాయి. కుర్చీకి చక్రాలుంటే వేరే కుర్చీ వేసుకో. కంటికీ స్క్రీన్‌కీ మధ్య దూరం కొలిచి ఫీల్డ్ ఆఫ్ వ్యూ, అంటే స్క్రీన్‌లో ఎంత వెడల్పు కనబడాలో, సరిచేసుకో. రెండు రోజులు ఇరుగ్గా అనిపించినా, వేగం ఎంతో కంటికి సరిగ్గా తెలుస్తుంది.

నువ్వు మొదటి రోజే "ఏదో రాకెట్ లాంటి కారు" ఎక్కావట, మీ అమ్మ మాట. దిగు తల్లీ. మజ్దా ఎమ్ఎక్స్-5 తీసుకో. పవర్ తక్కువ, నడిపేది వెనక చక్రాలు, తప్పు చేస్తే నెమ్మదిగా, అర్థమయ్యేలా చెబుతుంది. రాకెట్ కారు చెప్పదు, గోడకి కొడుతుంది. ట్రాక్ కూడా చిన్నదే ఎంచుకో. ఇంగ్లండ్‌లో బ్రాండ్స్ హాచ్ ఉంది కదా, దాని ఇండీ సర్క్యూట్ అనే చిన్న చుట్టు రెండు కిలోమీటర్లు కూడా ఉండదు. అవే మలుపులు వందసార్లు తిరుగు. విసుగొస్తుంది. రానీ.

టైరు పట్టుని నెల జీతం అనుకో. అదే డబ్బుతో బ్రేకు వెయ్యాలి, మలుపు తిరగాలి, వేగం పెంచాలి. మొత్తం బ్రేకుకే ఖర్చు పెట్టేస్తే తిరగడానికి చిల్లర మిగలదు. కాబట్టి గట్టి బ్రేకు కారు తిన్నగా వెళ్తున్నప్పుడే. స్టీరింగ్ తిప్పుతున్నకొద్దీ బ్రేకు మీద బరువు కొంచెం కొంచెంగా తగ్గిస్తూ మలుపు లోపలి అంచుదాకా వెళ్లు. దాన్నే ట్రెయిల్ బ్రేకింగ్ అంటారు. ఆ కాస్త బ్రేకు వల్ల బరువు ముందు టైర్ల మీద ఉంటుంది, ముక్కు మలుపులోకి తిరుగుతుంది. ఇంకో లెక్క గుర్తుపెట్టుకో. 100 కిలోమీటర్ల వేగంతో అతికష్టం మీద తిరిగే మలుపుని 110తో తిరగాలంటే టైర్లకి 21 శాతం ఎక్కువ పట్టు కావాలి. పదే కదా అనుకుంటావు, అక్కడే పోతావు.

ముందు చక్రాలు జారితే స్టీరింగ్ చేతిలో ఒక్కసారిగా తేలికైపోతుంది. అప్పుడు ఇంకా తిప్పకు, కాస్త వెనక్కి తిప్పు. చూపు కారు ముక్కు మీద కాదు, మలుపు బయటికి వెళ్లే చోట ఉండాలి.

ఇక అసలు సంగతి. నేను రెండు నెలలు ఒకే చోట కారు తిప్పి పడేశాను బుజ్జీ. జర్మనీలో నూర్బర్గ్‌రింగ్ పాత ట్రాక్, 20 కిలోమీటర్ల పైచిలుకు, అడవి మధ్య. రేసు డ్రైవర్ జాకీ స్టూవర్ట్ దాన్ని ఊరికే పచ్చని నరకం అనలేదు. అందులో ష్వేడెన్‌క్రాయిట్జ్ అని ఒక ఎడమ మలుపు. చిన్న మెట్ట ఎక్కేదాకా అవతల ఏముందో కనబడదు, ఎక్కేసరికి మలుపు మీద పడుతుంది. నా కారు పోర్షే 911, ఇంజిన్ వెనక ఇరుసుకి కూడా వెనకాల ఉంటుంది. రెండొందల వేగంతో వచ్చేవాణ్ని, మలుపు కనబడేది, వెనక భాగం గిర్రున ముందుకొచ్చేసేది. ప్రతిసారీ.

ఏమేం తిట్టలేదు! టైర్లలో గాలి తగ్గించాను, పెంచాను. సస్పెన్షన్ మార్చాను. గేమ్‌లోనే లోపం ఉందని మీ అత్తయ్యకి లెక్చర్ ఇచ్చాను. ఆవిడ కూర తరుగుతూ "మరి మిగతావాళ్లు ఎలా వెళ్తున్నారు?" అంది. ఆ రోజు భోజనం దగ్గర నేను మాట్లాడలేదు.

చివరికి రీప్లే పెట్టుకుని, ఏ పెడల్ ఎంత తొక్కానో చూపించే గీతలు ఆన్ చేసి, బాగా నెమ్మదిగా చూశాను. స్క్రీన్ మూలన ఆకుపచ్చ గీత, అంటే యాక్సిలరేటర్, నిండుగా ఉంది. కారు మెట్ట దాటింది, స్టీరింగ్ ఎడమకి తిరిగింది, గీత ఒక్కసారిగా సున్నా. వెనక చక్రాలు ఇంకా జారలేదు! గీత పడిపోయిన తర్వాత జారాయి. కారు నన్ను తిప్పలేదు, మలుపు మధ్యలో భయపడి నేనే కాలు ఎత్తేశాను. కాలు ఎత్తగానే బరువంతా ముందుకి పోయింది, వెనక టైర్లు తేలికయ్యాయి, వెనకున్న ఇంజిన్ బరువు గడియారం లోలకంలా ఊగింది.

కాలు ఎత్తానని నాకు తెలియనే తెలియదు. ఎవరైనా అడిగి ఉంటే ఒట్టేసి చెప్పేవాణ్ని, ఎత్తలేదని.

మందు చాలా చప్పగా ఉంది. మెట్టకి ముందే, కారు తిన్నగా వెళ్తున్నప్పుడే, వేగం ఇరవై కిలోమీటర్లు తగ్గించుకోవడం. తర్వాత మలుపంతా యాక్సిలరేటర్ ఒకే చోట నిలిపి పట్టుకోవడం. తగ్గించాల్సి వచ్చినా ఊపిరి వదిలినంత నెమ్మదిగా. మూడో రోజుకి మలుపు దాటాను, ల్యాప్ టైమ్, అంటే ఒక చుట్టుకి పట్టే సమయం, కూడా తగ్గింది.

ఆ కాలు ఎక్కడిదో కూడా చెప్తాను. నీకు నాలుగేళ్లు. వానలో నిన్ను ఇంటికి తీసుకొస్తున్నాను, వెనక సీటులో నిద్రపోతున్నావు. మలుపులో ఎదురుగా లారీ లైట్లు కనబడగానే కాలు ఎత్తేశాను. కారు వెనక భాగం పక్కకి జరిగింది. ఎంత జరిగిందో నాకు తెలియదు, నాకైతే ఊరంత జరిగినట్టుంది. నేనేం గొప్ప పని చేయలేదు, అదే సర్దుకుంది. పక్కకి ఆపాను. చేతులు స్టీరింగ్ వదలడం లేదు. నువ్వు లేచి "ఇల్లొచ్చిందా మావయ్యా?" అన్నావు.

రీప్లేలో ఆ గీత సున్నాకి పడటం చూసినప్పుడు అదే కాలు గుర్తుపట్టాను. అందుకే గేమ్ వద్దని మీ అమ్మతో అనలేకపోయాను, సంతోషంగా ఆడమనీ అనలేకపోయాను. గేమ్‌లో నేర్చుకున్నది రోడ్డు మీద చూపిస్తానంటే మాత్రం స్టీరింగ్ నేనే వచ్చి విప్పుకుపోతాను.

ఆదివారంలోగా నాకో రీప్లే పంపు. ల్యాప్ టైమ్ అక్కర్లేదు, పెడళ్ల గీతలు కనబడితే చాలు. ఆ వాన సంగతి మీ అమ్మకి ఇప్పటికీ తెలియదు. నువ్వూ చెప్పకు.

మీ మావయ్య