పెళ్లి వద్దు, సివిల్ పార్ట్‌నర్‌షిప్ చాలనుకుంటే

ప్రశ్న: ఇంగ్లండ్‌లోని రీడింగ్‌లో ఎనిమిదేళ్లుగా కలిసి ఉంటున్నాం. ఇద్దరివీ బ్రిటిష్ పాస్‌పోర్టులే, పిల్లలు లేరు. పెళ్లి తంతు మాకు ఇష్టం లేదు. పెళ్లి కాకుండానే జంటగా చట్టపరంగా నమోదయ్యే సివిల్ పార్ట్‌నర్‌షిప్‌ను ఆడ, మగ జంట చేసుకోవచ్చా? ఆయన గుంటూరులో సొంత డబ్బుతో కొన్న ఇల్లు రేపు నాకు వస్తుందా?

జవాబు: చేసుకోవచ్చు. 2004 చట్టం దీన్ని స్వలింగ జంటలకే ఇచ్చింది. 2014లో వాళ్లకు పెళ్లి హక్కూ రావడంతో వాళ్లకు రెండు దారులు, మీలాంటివాళ్లకు ఒక్కటే అయింది. సివిల్ పార్ట్‌నర్‌షిప్ కోరిన ఆడ, మగ జంట రెబెకా స్టైన్‌ఫెల్డ్, చార్లెస్ కీడన్ వేసిన కేసులో యూకే సుప్రీంకోర్టు 2018 జూన్‌లో ఇది వివక్షేనని తేల్చింది. 2019 డిసెంబరు 31 నుంచి మీలాంటి జంటలకూ రిజిస్ట్రేషన్లు మొదలయ్యాయి.

ఇద్దరూ మీ ప్రాంతపు రిజిస్టర్ ఆఫీసుకు స్వయంగా వెళ్లి నోటీసు ఇవ్వాలి. అప్పటికి కనీసం వారం రోజులుగా అక్కడ నివాసం ఉండాలి. 28 రోజులు గడిచాక, ఏడాదిలోపు, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకాలు పెడితే సరి. ప్రమాణాలు చదవనక్కర్లేదు.

మీలో ఎవరికైనా గతంలో సంప్రదాయబద్ధంగా పెళ్లయి ఉంటే మాత్రం ఆగండి. 'రిజిస్టర్ చేయించలేదుగా' అంటే కుదరదు. హిందూ వివాహ చట్టం కింద రిజిస్ట్రేషన్ లేకపోయినా పెళ్లి పెళ్లే. విడాకులు కాకుండా ఇది చెల్లదు, పైగా తప్పుడు డిక్లరేషన్ నేరం.

అసలు చిక్కు గుంటూరు ఇంటి దగ్గరే. ఇంగ్లండ్‌లో సివిల్ పార్ట్‌నర్ వారసత్వంలో భార్యతో సమానం. భారతదేశంలోని స్థిరాస్తికి అక్కడి చట్టమే వర్తిస్తుంది, ఆ చట్టంలో సివిల్ పార్ట్‌నర్‌షిప్ అనేదే లేదు. హిందూ వారసత్వ చట్టం భార్యను గుర్తిస్తుంది, పార్ట్‌నర్‌ను కాదు. వీలునామా లేకుండా ఆయన పోతే, తల్లి బతికి ఉంటే ఇల్లు ఆమెకే వెళ్లే అవకాశం ఎక్కువ. నామినీగా మీ పేరుంటే చాలనుకోకండి, నామినీ యజమాని కాదు.

అందుకని ఆ ఇంటికి విడిగా వీలునామా రాయించండి. ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి, మీరు సాక్షిగా ఉండొద్దు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ, తర్వాత ఎవరైనా కోర్టుకెక్కితే పనికొస్తుంది.

ఇంకొకటి. సివిల్ పార్ట్‌నర్‌షిప్ అవగానే అంతకుముందు ఇంగ్లండ్‌లో రాసిన వీలునామా మామూలుగా రద్దవుతుంది, మళ్లీ రాయించుకోవాలి. ఆ కొత్త వీలునామాలో లాయర్లు అలవాటుగా పెట్టే మొదటి వాక్యం 'ఇంతకుముందు రాసిన వీలునామాలన్నీ రద్దు' అని ఉంటుంది. అలాగే వదిలేస్తే గుంటూరు వీలునామా కూడా దానితోనే పోతుంది. 'భారతదేశంలోని ఆస్తికి సంబంధించినది తప్ప' అని అందులో చేర్పించాకే సంతకం పెట్టండి.