తీగ గీరుకొని లేచిన తోలు: కాలికి తాడు బిగించి వదిలితే రక్తం బాగా అందుతుందా?

ప్రశ్న: నాలుగు రోజుల కిందట చేను చుట్టూ వేసిన ముళ్ల తీగ గీరుకొని మా ఎద్దు వెనక తొడ మీద తోలు అరచేయంత లేచిపోయింది. పైవైపు మాత్రం అంటుకొని ఉంది. డాక్టరు కుట్లు వేశారు. ఇప్పుడు కింది కొస గట్టిపడి నల్లబడుతోంది. కాలికి తాడు బిగించి, పది నిమిషాలకోసారి వదులుతూ ఉంటే ఆ తోలుకు రక్తం బాగా అందుతుందని మా అబ్బాయి ఎక్కడో చదివాడట. చెయ్యమంటారా?
– ఒక రైతు, సిరొంచ తాలూకా, గడ్చిరోలి జిల్లా

జవాబు: ముందు ఆ తాడు పక్కన పడేయండి. మీ అబ్బాయి చదివింది అబద్ధమేమీ కాదు. కానీ మీ ఎద్దు విషయంలో దానికి వేళ దాటిపోయింది.

1986లో కుక్కల గుండెపై ఒక ప్రయోగం చేశారు. రక్తనాళాన్ని 5 నిమిషాలు మూసి, 5 నిమిషాలు వదిలి, ఇలా నాలుగుసార్లు చేశాక 40 నిమిషాలు మూసి ఉంచారు. ముందుగా అలా చేయని కుక్కలతో పోలిస్తే గుండె కండరం నాలుగో వంతే దెబ్బతింది. తర్వాత పందుల్లో ఫ్లాప్‌ల మీదా మంచి ఫలితమే కనిపించింది. ఒకవైపు రక్తనాళాలను అలాగే ఉంచి, లేపి, జరిపి కుట్టే చర్మాన్నో కండరాన్నో సర్జన్లు ఫ్లాప్ అంటారు. మీ ఎద్దుకు ఆ పని తీగ చేసింది, అంతే తేడా.

రక్తం కాసేపు ఆగితే కణాలు అడినోసిన్ వంటి రసాయనాలు వదిలి, శక్తిని పొదుపుగా వాడుకోవడం మొదలుపెడతాయి. రక్తం మళ్లీ పారినప్పుడు తెల్లకణాలు సన్న నాళాల గోడలకు అతుక్కుని దారి మూసేయడం కూడా తగ్గుతుంది. ఈ రక్షణ మొదట కొన్ని గంటలే ఉంటుంది, మళ్లీ మర్నాటి నుంచి రెండు మూడు రోజులు కనిపిస్తుంది. అయితే ఆ ప్రయోగాల్లో ఇదంతా దెబ్బకు ముందే చేశారు, మీ ఎద్దుకు దెబ్బ తగిలి నాలుగు రోజులైంది. పైగా తాడు బిగిస్తే ముందు మూసుకుపోయేది రక్తాన్ని గుండెకు తిరిగి తీసుకెళ్లే పల్చటి సిరలే. లోపలికొచ్చిన రక్తం బయటికి పోలేక కాలు వాస్తుంది.

తోలు పైవైపు అంటుకొని ఉండటం మీ అదృష్టం. కాలికి రక్తం పైనుంచే దిగుతుంది. కింద అంటుకొని పైన తెగినవే ఎక్కువగా పాడవుతాయి.

చాలా ఎద్దుల తోలు మామూలుగానే నల్లగా ఉంటుంది కాబట్టి రంగు ఒక్కటే చూసి టెన్షన్ పడకండి. చేతి వెనకభాగం పెట్టి, రెండో తొడ మీద అదే చోటుతో పోల్చి చూడండి. వెచ్చగా ఉన్నంత మేర బతికే ఉంది. చల్లబడి అట్టలా బిగిసిన కొసను మీరు కోయొద్దు, పీకొద్దు. బతికిన తోలుకూ చచ్చిన తోలుకూ మధ్య గీత తేలడానికి వారం దాకా పట్టొచ్చు, అప్పుడు డాక్టరే కోస్తారు.

కుట్లు విప్పేదాకా కాడి కట్టొద్దు. మరిగించి చల్లార్చిన ఉప్పునీళ్లతో కడగండి. కిరోసిన్, ఫినాయిల్ వద్దు, అవి బతికున్న అంచునూ కాలుస్తాయి. ఈగలు రాకుండా వేపనూనె గాయం చుట్టూ రాయండి, గాయంలో కాదు. ధనుర్వాతం ఇంజెక్షన్ పడిందో లేదో డాక్టరును అడగండి. దుర్వాసన వచ్చినా, చీము కారినా, మేత మానేసినా ఆగకుండా పశువైద్య హెల్ప్‌లైన్ 1962కు ఫోన్ చేయండి.