సర్పంచ్ అయిన మా తమ్ముడి బిడ్డకు

బిడ్డా,

పంచాయతీకి నడవడిక నియమాలు పెడదామని నువ్వు పంపిన ముసాయిదా చదివాను. నిజాయితీ, నిష్పాక్షికత, సేవాభావం అన్నీ ఉన్నాయి. పెళ్లిపత్రికలా ముచ్చటగా ఉంది గానీ, రేపు ఎవరైనా పట్టుకుని నిలదీయడానికి ఒక్క వాక్యమూ లేదు. పంచాయతీ కార్యదర్శిగా మినిట్స్ బుక్కులు రాసి రాసి రిటైరైనవాణ్ని. బుక్కులో ఎక్కించడానికి వీలుకాని నియమం పెట్టుకోకు.

మొదట చుట్టరికాల సంగతి. వీధిలైట్ల బల్బులు మీ మరిది దుకాణంలో కొనే మాట వచ్చిందనుకో. ‘పక్షపాతం చూపను’ అంటే ఎవరు నమ్ముతారు? ఆ అంశం రాగానే ఫలానా వాడు మా మరిది అని చెప్పి, లేచి బయటికి పో. అది తేలేదాకా ఉపసర్పంచ్ నడిపిస్తాడు. నువ్వు లేచింది ఎప్పుడో, మళ్లీ వచ్చి కూర్చుంది ఎప్పుడో కార్యదర్శి రాయాలి. పంచాయతీతో కాంట్రాక్టు పెట్టుకున్న మనిషి సభ్యుడిగా ఉండకూడదని చట్టమే అంటుంది. అందుకే ఊళ్లల్లో పనులు బామ్మర్దుల పేరు మీద నడుస్తాయి. నీ నియమం పట్టుకోవాల్సింది ఆ బామ్మర్దినే.

తర్వాత ట్రాక్టర్. చెత్త ఎత్తాల్సిన బండి ఎవరి పొలంలో మట్టి తోలుతోందో ఊరంతా చూస్తూనే ఉంటుంది. ఏ రోజు ఎక్కడికి పోయింది, ఎన్ని లీటర్ల డీజిల్ పోశారు అన్నది నెలనెలా నోటీసు బోర్డు మీద పెట్టించు. అడగకముందే వివరాలు బయటపెట్టాలని 2005 నాటి సమాచార హక్కు చట్టం చెప్తూనే ఉంది, ఇదేమీ వింత కాదు.

ఇది రాయడం ఇబ్బందే, అయినా రాస్తున్నా. మన తెలంగాణలో సగం స్థానాలు ఆడవాళ్లకు రిజర్వ్ చేశారు గానీ, చాలాచోట్ల కుర్చీలో కూర్చునేది మొగుడే. అల్లుడు మంచివాడే, కాదనను. అయినా సభ్యుల కుటుంబసభ్యులెవరూ మీటింగులో కూర్చోరాదని, పంచాయతీ కాగితం ముట్టుకోరాదని పేరుపేరునా రాయించు. చెక్కు మీద సంతకం పెట్టాల్సింది నువ్వూ ఉపసర్పంచూ, ఇంట్లో వాళ్లు కాదు.

కానుకల గురించి ఎక్కువ రాయనక్కర్లేదు. శాలువా కప్పితే కప్పనీ. మీ ఇంట్లో శుభకార్యానికి కాంట్రాక్టరు చదివింపులు మాత్రం వద్దు.

శిక్ష దగ్గర చాలామంది బోల్తా పడతారు. తప్పు చేసిన సభ్యుణ్ని తీసేస్తామని రాయకు, ఆ అధికారం పంచాయతీది కాదు. చట్టప్రకారం చర్య తీసుకునేది కలెక్టరు. నీ చేతిలో ఉన్నది గ్రామసభ. రెండు నెలలకోసారి ఎలాగూ పెట్టాలి కదా, ఎవరు ఏ నియమం తప్పారో అక్కడ చదివి వినిపిస్తామని రాయి. మనవాళ్లు జరిమానాకు భయపడరు గానీ, నలుగురిలో పేరు చదివితే భయపడతారు.

తీర్మానానికి ముందు సభ్యులందరి ఇంటిపన్ను, నల్లా బకాయిలు కట్టించు, మీ ఇంటితోనే మొదలుపెట్టి. ముసాయిదా ప్రతి వార్డు సభ్యుడికీ వారం ముందే ఇవ్వు. అప్పటికప్పుడు చదివి చేతులెత్తించిన తీర్మానాన్ని ఎవరూ తమదనుకోరు. ఎదుటి ప్యానెల్‌లో గెలిచినవాళ్లలో ఒకరి చేత బలపరిపించు. దానికోసం వాళ్లడిగిన ఒకటి రెండు మార్పులు ఒప్పుకోవాల్సి వస్తే ఒప్పుకో, చుట్టరికాల నియమం జోలికి మాత్రం రానీయకు.

మీ పెద్దనాన్న