కార్డు పోయిందన్నారు సరే, రెండో కెమెరా ఏది?

ప్రశ్న: మూడు నెలల కిందట మా పెళ్లి రిసెప్షన్ జరిగింది. ఇద్దరు ఫొటోగ్రాఫర్లు, ఒక వీడియోగ్రాఫర్ వస్తారని స్టూడియో వాళ్లు రాసిచ్చారు. తీరా ఆ రోజు ఇద్దరు ఫొటోగ్రాఫర్లలో ఒక్కడే వచ్చాడు. ఇప్పుడేమో మెమరీ కార్డు పాడైంది, స్టేజీ మీద తీసిన గ్రూప్ ఫొటోలన్నీ పోయాయంటున్నారు. అడ్వాన్స్‌లో సగం వెనక్కిస్తారట. మిగతా ఫొటోలు మాత్రం బ్యాలెన్స్ కడితేనే ఇస్తారట. ‘సాంకేతిక కారణాలతో ఫొటోలు పోతే మా బాధ్యత అడ్వాన్స్ మొత్తం వరకే’ అన్న కాగితం మీద మేం సంతకం పెట్టిన మాట నిజమే. పైగా మా ఫొటోలు కొన్ని మమ్మల్ని అడక్కుండా వాళ్ల పేజీలో పెట్టుకున్నారు. చీటింగ్ కేసు పెట్టొచ్చా? వచ్చే ఏడాది మా చెల్లి రిసెప్షన్ ఉంది, దానికి ముందే ఏం చూసుకోవాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: కేసు సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ కార్డు ఎక్కడుందో కనుక్కోండి. పాడైన కార్డులోంచి చాలాసార్లు ఫొటోలు తిరిగి తీయొచ్చు, కాకపోతే దాన్ని మళ్లీ ఫార్మాట్ చేసి ఇంకో ఫంక్షన్‌కి వాడకూడదు. అందుకే ఈరోజే ఒక మెసేజ్ పెట్టండి: ‘ఆ కార్డును వాడకుండా అలాగే ఉంచండి, డేటా రికవరీ కోసం మాకివ్వండి’ అని. ఇస్తే మంచిదే. ఇవ్వకపోయినా, ‘ఫార్మాట్ చేసేశాం’ అన్నా, ఆ జవాబే మీకు సాక్ష్యం.

ఇంకో మాట, ఇది చట్టంలోది కాదు. ఆ గ్రూపులన్నీ వీడియోలో ఉండే ఉంటాయి. 4కే వీడియో తీసి ఉంటే అందులో ఒక్కో ఫ్రేము దాదాపు 8 మెగాపిక్సెళ్ల ఫొటోతో సమానం. కదలిక లేనిచోట ఆపి తీస్తే ఆల్బమ్‌లో వేసుకోవడానికి పనికొస్తుంది. కుదించిన కాపీ కాకుండా అసలు వీడియో ఫైల్సే అడగండి.

ఇక చీటింగ్ కేసు. భారతీయ న్యాయ సంహితలో 318వ సెక్షన్ కింద మోసం రుజువు కావాలంటే, డబ్బు తీసుకునే రోజునే పని చేసి ఇవ్వకూడదన్న ఉద్దేశం ఉండాలి. మీ విషయంలో మనిషి వచ్చాడు, కొన్ని ఫొటోలూ తీశాడు. పోలీసులు ‘ఇది సివిల్ తగాదా’ అని పంపేస్తారు, వాళ్లను తప్పుపట్టలేం కూడా. మీకు సరైన చోటు జిల్లా వినియోగదారుల కమిషన్.

అక్కడ గెలవాలంటే వాదన ఎటు నడపాలన్నదే అసలు విషయం. ఇలాంటి ఫిర్యాదుల్లో అందరూ పోయిన కార్డు పట్టుకుని వాదిస్తారు. స్టూడియో తరఫు వాళ్లు సంతకం పెట్టిన షరతు తీసి చూపిస్తారు. ఆ షరతును తేలిగ్గా కొట్టిపారేయలేం. బాధ్యత ఇంతవరకే అని ఒప్పుకుని సంతకం పెడితే దానికి కట్టుబడాల్సిందేనని 1996లో సుప్రీంకోర్టు ఒక కొరియర్ కేసులో చెప్పింది. షరతే అన్యాయమైనదని విడిగా సవాలు చేయాలంటే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం జిల్లా కమిషన్‌లో కుదరదు, రాష్ట్ర కమిషన్‌కి వెళ్లాలి. అంత దూరం వెళ్లనక్కర్లేదని నా అభిప్రాయం.

మీరు రెండో ఫొటోగ్రాఫర్ మీద నిలబడండి. ఆ షరతు ‘సాంకేతిక కారణాల’ గురించి. మనిషి రాకపోవడం సాంకేతిక కారణం కాదు. ఇద్దరిని పంపుతామని రాసిచ్చి ఒక్కరిని పంపడం చట్టం చెప్పే సేవాలోపమే. రెండో మనిషి వచ్చి ఉంటే రెండో కెమెరా ఉండేది, రెండో కార్డు ఉండేది. ఒకటి పాడైనా స్టేజీ ఫొటోలు పూర్తిగా పోయేవి కావు. అంటే మీ నష్టానికి మూలం కార్డు కాదు, వాళ్లు తప్పిన మాట. ఈ ముక్క మీరు స్టూడియోకి పంపే నోటీసులో మొదటి పేరాలోనే రావాలి. ప్రొఫెషనల్ కెమెరాల్లో చాలావాటికి రెండు కార్డు స్లాట్లుంటాయి, ఒకేసారి రెండింట్లోనూ రికార్డు చేయొచ్చు. ఏ కెమెరా వాడారు, రెండో స్లాట్ ఎందుకు వాడలేదు అని కూడా అడగండి.

వాళ్ల బేరంలో ఒక తమాషా ఉంది, గమనించారా? వాళ్ల షరతే ‘అడ్వాన్స్ మొత్తం వరకు’ అంటోంది. మరి సగం అన్నది ఎక్కడి నుంచి వచ్చింది? ఆ సగం తీసుకునేటప్పుడు ‘ఇకపై ఎలాంటి క్లెయిమూ లేదు’ అన్న కాగితం మీద మాత్రం సంతకం పెట్టకండి.

బ్యాలెన్స్ గురించి. ఒప్పందంలో చెల్లింపు ఎప్పుడని ఉందో చూడండి. ఫైల్స్ ఇచ్చేటప్పుడే కట్టాలని ఉంటే, ‘కట్టనిదే ఇవ్వం’ అనే హక్కు వాళ్లకు కొంత ఉంటుంది. నన్నడిగితే, ఆ మొత్తం మీకు భరించగలిగేదైతే ‘అభ్యంతరంతో, మా హక్కులు వదులుకోకుండా కడుతున్నాం’ అని రాసి కట్టేసి ముందు ఫొటోలు ఇంటికి తెచ్చుకోండి. ఉన్నవి కూడా పోయాక కేసు గెలిచి ఏం లాభం? కట్టింది తర్వాత పరిహారంలో కలిపి అడగొచ్చు.

కమిషన్‌లో అడగాల్సినవి డబ్బు వాపసు, మానసిక వేదనకు పరిహారం, ఖర్చులు. సేవాలోపం వల్ల కలిగిన వేదనకూ పరిహారం ఇవ్వొచ్చని 1993లోనే సుప్రీంకోర్టు తేల్చింది. మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయొచ్చు, స్టూడియో ఉన్న ఊరికి తిరగనక్కర్లేదు. గడువు రెండేళ్లు. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపైతే ఫీజు లేదు. వినియోగదారుల కమిషన్ల ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌గా దాఖలు చేయొచ్చు, లాయర్ తప్పనిసరి కాదు (లాయర్‌గా నేను చెప్పకూడని మాటే అనుకోండి). కమిషన్ నోటీసు అందాక స్టూడియో జవాబుకు 30 రోజులు, మహా అయితే మరో 15. ఫిర్యాదు కంటే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి చూడండి, కొందరు అక్కడికే దిగివస్తారు.

సాక్ష్యం మాటకొస్తే, వాట్సాప్ చాట్ ఫోన్‌లోంచి చెరిపేయకండి. కొత్త ఫోన్ కొన్నా పాతది దాచండి. స్క్రీన్‌షాట్లు దాఖలు చేసేటప్పుడు అవి ఏ ఫోన్‌లోంచి, ఎలా తీశారో చెప్పే సర్టిఫికెట్ భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద జతచేయండి. ఒక్కడే తీశాడని చూపడానికి చుట్టాల ఫోన్లలో ఉన్న ఫొటోలు అడిగి తెప్పించుకోండి. ఎవరో ఒకరి ఫొటోలో ఆ ఒక్క ఫొటోగ్రాఫర్ వెనక నిలబడి కనిపిస్తాడు.

పేజీలో పెట్టిన ఫొటోల విషయంలో మీ పక్షం బలమైనది. 1957 కాపీరైట్ చట్టం 17(బి) ప్రకారం, డబ్బుకి ఒకరు కోరితే తీసిన ఫొటోకు, వీడియోకు, వేరే ఒప్పందం లేకపోతే, తొలి హక్కుదారు తీయించుకున్నవాళ్లే. తీసినవాడు కాదు. ‘క్లిక్ నాది కాబట్టి హక్కు నాదే’ అనే ఫొటోగ్రాఫర్లకు ఈ సెక్షన్ చదివి వినిపించండి. కానీ మీ కాగితంలో చిన్న అక్షరాల్లో ‘ప్రచారానికి వాడుకుంటాం’ అని ఉందేమో ముందు చూసుకోండి. ఇంకో మెలిక: బుక్ చేసింది మీ నాన్నగారో మామగారో అయితే హక్కు వాళ్ల పేరున ఉంటుంది, నోటీసు వాళ్లే ఇవ్వాలి.

మీ చెల్లి రిసెప్షన్‌కి ఒప్పందంలో ‘ఇద్దరు వస్తారు’ అని వదిలేయకుండా వాళ్ల పేర్లు, వచ్చే టైమ్, వెళ్లే టైమ్ రాయించండి. ఎవరైనా రాకపోతే ఎంత తగ్గిస్తారో అంకె వేయించండి. రెండు కార్డుల్లో రికార్డు చేయాలని, ఆ రాత్రే కాపీ తీయాలని, మీ అనుమతి లేకుండా ఎక్కడా పెట్టకూడదని రాయించండి. డబ్బు విడతలుగా ఇవ్వండి, చివరి విడత ఆల్బమ్ చేతికొచ్చాక. స్టేజీ మీద ఎవరెవరితో ఫొటో తప్పకుండా కావాలో పేర్లు రాసి, ఆ జాబితాను ఒప్పందానికే జతచేయండి. ఫైల్స్ అందాయని మీరు రాసిచ్చేదాకా కార్డులు ఫార్మాట్ చేయకూడదన్న వాక్యం కూడా వేయించండి. వాళ్లు ‘అది మా స్టాండర్డ్ ఫార్మ్, మార్చం’ అంటే ఆ స్టూడియో వద్దు.