లెన్సు పోయిన పీఎస్2నే కొనమని ఎందుకంటున్నానంటే

చి. కిట్టుకి మామయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి అక్క ఫోన్ చేసింది. "వీడికి పాత గేమ్ పెట్టె పిచ్చి పట్టుకుంది, ఐదు వేలు జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు, నువ్వు కాస్త చెప్పు" అంది. మానమని చెప్పాలో, ఎలా చేయాలో చెప్పాలో అనలేదు. నేను రెండోదే అనుకుని రాస్తున్నాను. ఫోన్‌లో చెబితే సగం వింటావు, సగం మర్చిపోతావు. అందుకే ఉత్తరం.

నువ్వు పంపిన రెండు ఫొటోలూ చూశాను. ఒకటి చిప్ వేసిన పీఎస్2 (సోనీ ప్లేస్టేషన్ 2) స్లిమ్, అంటే తర్వాత వచ్చిన సన్నటి మోడల్, 3,500. రెండోది డిస్కు చదవని స్లిమ్, 1,400, రెండు కంట్రోలర్లతో. నీ మనసు మొదటి దాని మీద ఉందని తెలుస్తూనే ఉంది. నేను మాత్రం రెండోదే కొనమంటాను.

పీఎస్2 మొదట జపాన్‌లో వచ్చింది 2000 మార్చిలో. తయారీ ఆగిపోయి కూడా పన్నెండేళ్లు దాటింది. అంటే నీకు దొరికే ఏ సెట్టయినా ఇంచుమించు నీ వయసుదే, లేదా నీకంటే పెద్దది. ఇన్నేళ్లలో అరిగేది డిస్కు చదివే లెన్సు, దాని రిబ్బన్ వైరు, అది జారే పట్టాల మీది గ్రీజు. బోర్డు అంత తొందరగా పోదు. కానీ అమ్మేవాడు ధర కట్టేది లెన్సుని చూసే. డిస్కు చదివితే ఒక రేటు, చదవకపోతే అందులో సగం. నీకు లెన్సుతో పనే లేదు, ఎందుకో తర్వాత చెబుతాను. పని లేని దానికి రెండు వేలు ఎక్కువ ఎందుకు పెట్టాలి?

చిప్ సంగతి కూడా చెబుతా. ఒకప్పుడు సికింద్రాబాద్‌లో కంప్యూటర్ల బజారు సీటీసీలో అయినా, కోఠి వైపు అయినా పీఎస్2 కొంటే ముందు అడిగే మాట "చిప్ వేసి ఇమ్మంటారా?" అనే. కాపీ డిస్కులు ఆడటానికి బోర్డు మీద వెంట్రుకంత సన్నటి తీగలు పదిహేనో ఇరవయ్యో అతికించేవాళ్లం. నేనూ అతికించాను. రెండు నెలలకే తిరిగొచ్చిన సెట్లు నా రిపేరు బల్ల మీద ఎన్ని ఉండేవో నాకు తెలుసు. వేడికి ఒక తీగ ఊడితే చాలు, సెట్టు స్టార్టే అయ్యేది కాదు. ఆ పనంతా ఇప్పుడు ఒక మెమరీ కార్డు చేస్తుంది. సోల్డరింగ్ అక్కర్లేదు. పైగా చిప్ వేసిన సెట్టంటే ఎవరో ముందే విప్పారన్నమాట. ఆ చెయ్యి ఎలాంటిదో నీకు తెలియదు.

ఇక కొనేముందు సెట్టు తిప్పి అడుగున ఉన్న నంబరు చూడు. ఎస్‌సీపీహెచ్ (SCPH) అనే అక్షరాల తర్వాత 70 నుంచి 79 లోపు అంకెలతో మొదలైతే మంచిది. వీటికి అడాప్టర్ బయట ఉంటుంది, 8.5 వోల్ట్లది. అంటే పెట్టె లోపల కరెంటు వైరు ఉండదు. మొదటిసారి విప్పేవాడికి అంతకంటే ఏం కావాలి? 90తో మొదలయ్యేవి తర్వాత వచ్చినవి, వాటికి పవర్ సప్లై లోపలే ఉంటుంది. పైగా వాటిలో చివరి సెట్లు నేను చెప్పబోయే మెమరీ కార్డు పద్ధతికి లొంగవు. మొదట వచ్చిన పెద్ద పెట్టె ఉంది చూడు, ఫ్యాట్ అంటారు, దానిలో హార్డ్ డిస్క్ పెట్టుకునే చోటు ఉంటుంది, మంచి మిషనే. కానీ హార్డ్ డిస్క్‌కి కావలసిన నెట్‌వర్క్ అడాప్టర్ మన దగ్గర దొరకడం కష్టం. ఎవరైనా ఊరికే ఇస్తే తీసుకో, కొనకు.

అదే స్టిక్కర్ మీద వోల్టేజీ కూడా చదువు. ఇది తేలిగ్గా తీసుకోకు. మన ఇళ్లలో ఇలాంటి సెట్లు చాలా వరకు అమెరికా నుంచి ఎవరో తెచ్చినవే. అక్కడి ఫ్యాట్ సెట్టుకి 120 వోల్ట్లే కావాలి. ఒకసారి నా దగ్గరికి అలాంటిదొకటి వచ్చింది. పండగ ముందు రోజు, చేతిలో పది పనులు, చూడకుండా 220 ప్లగ్గులో పెట్టాను. టప్ మంది. కాలిన కెపాసిటర్ వాసన షాపులో వారం రోజులు పోలేదు. ఆ పిల్లాడికి నా డబ్బుతో ఇంకో సెట్టు కొనిచ్చాను. స్లిమ్‌కైతే అడాప్టర్ మీద చూడాలి: లోపలికి 100 నుంచి 240 అనో, 220 నుంచి 240 అనో ఉండాలి, బయటికి 8.5 ఉండాలి. పిన్ను సరిపోయింది కదా అని 12 వోల్ట్లది గుచ్చావో, బోర్డు మీద ఆశ వదులుకోవాల్సిందే.

అమ్మేవాళ్ల ఇంట్లోనే, డిస్కు లేకుండా టీవీకి పెట్టి చూడు. మొదటి మెనూ వచ్చాక ట్రయాంగిల్ నొక్కితే వెర్షన్ల పేజీ వస్తుంది, ఫొటో తీసి నాకు పంపు. రెండు మెమరీ కార్డు స్లాట్లూ, రెండు కంట్రోలర్ పోర్టులూ చూడు. కబుర్లు చెబుతూ ఇరవై నిమిషాలు ఆన్‌లోనే ఉంచు. బొమ్మ వణికినా, సెట్టు తనంతట తను ఆగిపోయినా థ్యాంక్స్ చెప్పి వచ్చెయ్. ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ, భాష అడుగుతుంటే మాత్రం భయపడకు. లోపలి సీఆర్ 2032 బిళ్ల బ్యాటరీ అయిపోయిందంతే. అదే వంకతో ఇంకో రెండొందలు తగ్గించమను.

ఇప్పుడు మెమరీ కార్డు, అంటే ఆటలో ఎక్కడిదాకా వచ్చామో సేవ్ చేసుకునే కార్డు. సోనీ వాళ్ల 8 ఎంబీ ఒరిజినల్ కార్డే కొను, సెకండ్ హ్యాండ్‌దైనా ఫర్వాలేదు. 64, 128 అని రాసి అమ్మే చవక కార్డులు నీ సేవ్‌లన్నీ ఒక రోజు మింగేస్తాయి. ఆ కార్డు మీద ఫ్రీ ఎంసీ బూట్ అనే ప్రోగ్రాం ఎక్కించాలి. సెట్టు ఆన్ కాగానే అది ముందు లేచి, మనకు కావలసిన ప్రోగ్రాంలు నడవనిస్తుంది. ఒక తిరకాసు ఉంది. ఈ ప్రోగ్రాం ఏ కార్డు మీద ఎక్కిస్తే ఆ కార్డుకే ముడిపడుతుంది. స్నేహితుడి కార్డు నుంచి ఫైళ్లు కాపీ కొడితే పనిచేయదు. ఎక్కించడానికి ముందే ఇలాంటిది నడుస్తున్న సెట్టు ఒకటి ఉండాలి. నా దగ్గర ఉంది కాబట్టి నీకా బాధ లేదు. లెన్సు పనిచేసే సెట్లకు ఇంకో దారి ఉంది, 2020లో బయటికొచ్చింది, ఫ్రీడీవీడీబూట్ అంటారు. మామూలు డీవీడీ మీద రాసి పెడితే చాలు. నీ సెట్టు డిస్కే చదవదు కాబట్టి దాని జోలికి వెళ్లకు.

లెన్సు లేకుండా గేమ్ ఎలా అంటావా? మీ నాన్న పాత కంప్యూటర్‌లో డీవీడీ డ్రైవ్ ఇంకా ఉందిగా. నీ డిస్కులు ఒక్కొక్కటీ అందులో పెట్టి ఇమ్జ్‌బర్న్ అనే ప్రోగ్రాంతో ఐఎస్ఓ ఫైలు, అంటే డిస్కు మొత్తానికి ఒకే ఫైలుగా కాపీ, తీసుకో. అడుగున వెండి రంగు ఉన్నవి డీవీడీలు, నీలం రంగువి సీడీలు. నీలం వాటికి ఒక్కోసారి బిన్ ఫైలు వస్తుంది, దాన్ని ఐఎస్ఓగా మార్చుకోవాలి. డీవీడీ, సీడీ అని ఇంగ్లీషులో రెండు ఫోల్డర్లు చేసి వేటికవి అందులో పెట్టు. వెయ్యి గేమ్‌లు నింపిన పెన్‌డ్రైవ్ అని ఎవడో అమ్ముతాడు, అది దొంగ సరుకు. నీ దగ్గరున్న పదిహేను డిస్కులు ఆడటం అవ్వనీ ముందు. ఫొటోలో వాటి మధ్య "హనుమాన్: బాయ్ వారియర్" కనిపించింది. 2009లో మన హైదరాబాద్‌లోనే, అరోనా టెక్నాలజీస్ వాళ్లు చేసిన గేమ్ అది. ఆడటానికి అంత గొప్పగా ఉండదు, నిజం చెప్పాలంటే. అయినా మొదటి ఐఎస్ఓ దానిదే తియ్యి. గీతలు పడితే మళ్లీ దొరికే డిస్కు కాదు.

ఆ ఫైళ్లను పీఎస్2లో నడిపే ప్రోగ్రాం ఓపెన్ పీఎస్2 లోడర్, అందరూ ఓపీఎల్ అంటారు. ఇక్కడ చాలామంది పెన్‌డ్రైవ్ గుచ్చి, "గేమ్ ఆగి ఆగి వస్తోంది, సెట్టు బాలేదు" అని తిట్టుకుంటారు. తప్పు సెట్టుది కాదు. పీఎస్2కి ఉన్నది యూఎస్‌బీ 1.1. సెకనుకి 12 మెగాబిట్లు, అంటే కాగితం మీదే ఒకటిన్నర ఎంబీ, చేతికొచ్చేది అంతకంటే తక్కువ. దాని డీవీడీ డ్రైవే సెకనుకి ఐదు ఎంబీల దాకా చదివేది. అందుకే ఆట నడుస్తుంది కానీ మధ్యలో వచ్చే వీడియోలు ముక్కలు ముక్కలవుతాయి. ఎంత ఖరీదైన పెన్‌డ్రైవ్ కొన్నా అంతే.

స్లిమ్ వెనక ల్యాన్ పోర్టు ఉంటుంది. నూట యాభై రూపాయల ల్యాన్ వైరు కొని కంప్యూటర్‌కి నేరుగా కలుపు. కంప్యూటర్‌కి 192.168.0.2, పీఎస్2కి 192.168.0.10 అని అడ్రస్ ఇచ్చి, ఐఎస్ఓలున్న ఫోల్డర్‌ని షేర్ చెయ్యి. ఓపీఎల్‌కి కావలసింది ఎస్‌ఎంబీ 1 అనే, ఫైళ్లు షేర్ చేసే పాత పద్ధతి. ఇప్పటి విండోస్‌లో అది ఆపేసి ఉంటుంది, ఫీచర్ల జాబితాలోకి వెళ్లి టిక్ పెట్టాలి. ఎందుకు ఆపేశారో తెలుసుకునే పెట్టు: 2017లో వన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతా పాకింది ఆ సందులోంచే. కాబట్టి ఆడేటప్పుడు ఆ కంప్యూటర్‌కి ఇంటర్నెట్ ఉండకూడదు. మీ నాన్న బ్యాంకు పనులు చేసుకునే కంప్యూటర్ అదేనేమో కనుక్కో. అదే అయితే ఈ దారి వద్దు, మెమరీ కార్డు స్లాట్‌లో మైక్రో ఎస్‌డీ పెట్టుకునే చిన్న అడాప్టర్ వస్తుంది, ఎంఎక్స్4ఎస్ఐఓ అని. యూఎస్‌బీ కంటే వేగం. రెండో స్లాట్‌లో పెట్టుకోవాలి.

కొన్నాక విప్పి తుడుచుకో, కంగారు లేదు. స్క్రూలు అడుగున రబ్బరు కాళ్ల కింద, చిన్న మూతల కింద దాక్కుని ఉంటాయి. ఒక కాగితం మీద సెట్టు బొమ్మ గీసి, తీసిన స్క్రూని తీసినచోటే టేపుతో అంటించు. పొడవులు వేరువేరుగా ఉంటాయి, తారుమారు చేస్తే ప్లాస్టిక్ పగులుతుంది. రిబ్బన్‌లు బలంగా లాగకు. ఫ్యాన్ మీది దుమ్ము మెత్తటి బ్రష్షుతో తియ్యి. సరదాకి లెన్సుని ఇయర్ బడ్‌తో, ఒక్క చుక్క ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి చూడు. చదివిందా, లాభం. చదవలేదా, వదిలెయ్. లెన్సు పక్కన స్క్రూ తలలా చిన్న రెసిస్టర్ కనబడుతుంది, వీడియోలో ఎవడో తిప్పాడని నువ్వు తిప్పకు. కొత్త లెన్సు కూడా కొనకు.

టీవీ సంగతి. మీ హాల్లో ఉన్న పెద్ద ఎల్‌ఈడీకి ఎరుపు, తెలుపు, పసుపు వైరు పెడితే ముఖాలన్నీ నీళ్లలో తడిసినట్టు ఉంటాయి. మేడ మీద గదిలో మీ తాతయ్య డబ్బా టీవీ ఉందే, దానికి పెట్టు. ఇరవై ఏళ్లు టీవీలు బాగుచేసిన వాడిగా చెబుతున్నా, ఈ గేమ్‌లు ఆ గాజు తెర కోసమే గీశారు. అది పనిచేయకపోతే నువ్వు మాత్రం విప్పకు, ఆపేశాక కూడా షాక్ కొడుతుంది. ఎల్‌ఈడీ తప్పదంటే కాంపొనెంట్ వైరు కొను, బొమ్మకే ఆకుపచ్చ, నీలం, ఎరుపు అని మూడు పిన్నులుండేది. అది గుచ్చే ముందే, పాత వైరుతో చూస్తూ సెట్టింగ్స్‌లో ఆర్‌జీబీ నుంచి వై-సీబీ-సీఆర్ వైపు మార్చాలి. లేకపోతే రంగులు చెడిపోయి వస్తాయి, అర్ధరాత్రి నాకు ఫోన్ చేస్తావు.

కంట్రోలర్ బటన్ దానంతటదే నొక్కుకుంటుంటే కొత్తది కొనకు. లోపల బటన్ల ఫిల్మ్ బోర్డుకి ఆనే చోట మెత్త అణిగిపోయి ఉంటుంది. దాని వెనక రెండు మడతల టేపు పెట్టి బిగిస్తే సరిపోతుంది.

లెక్క చూశావా? సెట్టు 1,400, కార్డు ఆరేడు వందలు, ల్యాన్ వైరు, బ్యాటరీ, ఆల్కహాల్ కలిపి మూడొందల యాభై. రెండున్నర వేలలోపే. మిగిలింది ఖర్చు పెట్టకు, అడాప్టర్ ఎప్పుడు పోతుందో చెప్పలేం.

మెమరీ కార్డు కొరియర్‌లో పంపకు. వచ్చే నెల పెళ్లికి అక్క ఎలాగూ వస్తోంది, చీరల మధ్య పెట్టి పంపు. పాత సేవ్‌లు ఏవైనా ఉంటే ఒక చీటీ మీద రాయి, ముందు వాటిని పెన్‌డ్రైవ్‌లోకి తీసి పెడతాను. సెట్టు చూడటానికి వెళ్లేటప్పుడు మీ నాన్నని తీసుకెళ్లు, బేరం ఆయనకే బాగా వస్తుంది.

ఇట్లు,
మీ మామయ్య