నీలి పామ్ మీ తోటకు నప్పుతుందా?

విసనకర్రల్లాంటి ఆకులతో, వెండి కలిసిన నీలి రంగుతో కనిపించే పామ్ జాతుల గురించి ఈ మధ్య చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో కొన్నింటికి ఈసారి సమాధానాలు ఇస్తున్నాము.

ప్రశ్న: నర్సరీలో ‘నీలి పామ్’ అని చెప్పి ఇచ్చిన మొక్కను మూడేళ్ల క్రితం నాటాను. అదే పేరుతో మా బంధువులు కొన్న మొక్క ఈలోగా దానికి మూడింతలు పెరిగింది. ఇద్దరమూ ఒకే విధంగా ఎరువు వేసి, నీరు పెడుతున్నాము. నా పొరపాటు ఎక్కడ?

జవాబు: పొరపాటు మీ పోషణలో లేదు, ఆ పేరులో ఉంది. నీలి పామ్ అనే పిలుపు కింద కనీసం అరడజను జాతులు అమ్ముడవుతున్నాయి. ఎక్కువగా దొరికేవి రెండు. ఒకటి మెక్సికోలోని బాహా కాలిఫోర్నియా ఎడారి లోయలకు చెందిన బ్రాహియా ఆర్మాటా, రెండోది మడగాస్కర్ పచ్చిక మైదానాలకు చెందిన బిస్మార్కియా నోబిలిస్. మట్టను పట్టి చూస్తే తేడా తెలుస్తుంది. బ్రాహియా మట్ట అంచుల వెంట వంకర ముళ్లు బారులు తీరి ఉంటాయి. ‘ఆర్మాటా’ అంటే ఆయుధాలు ధరించినది అనే అర్థం. బిస్మార్కియా మట్ట మీద అంత ముళ్లు ఉండవు, తెల్లని మైనపు పూతలో దాల్చినచెక్క రంగు పొలుసులు మరకలుగా కనిపిస్తాయి. లేత మొక్కల ఆకుల్లో ఊదా ఛాయ కూడా ఉంటుంది. (మొదటిది ఖగోళ శాస్త్రవేత్త టైకో బ్రాహీ పేరు, రెండోది జర్మనీ ఛాన్సలర్ బిస్మార్క్ పేరు. ఆ ఇద్దరికీ ఈ చెట్లతో ఏ సంబంధమూ లేదు.)

మీది బ్రాహియా అయి ఉంటుంది. పామ్ జాతి చెట్లు ముందుగా మొదలును కావలసినంత లావు చేసుకున్నాకనే బోదెను పైకి లేపుతాయి. బ్రాహియా ఆ పనిని మరీ నిదానంగా చేస్తుంది. వేడి, తేమ రెండూ ఉన్నచోట నిలదొక్కుకున్న బిస్మార్కియాతో దానిని పోల్చి బాధపడవలసిన పని లేదు.

ప్రశ్న: మాది సముద్ర తీరం. వేసవిలోనే భారీ వర్షాలు, ఏడాది పొడవునా ఉక్క. బ్రాహియా ఆకులపై మచ్చలు వస్తున్నాయి, కొత్త ఆకు కదలడం లేదు. దీన్ని బతికించే మార్గం ఉందా?

జవాబు: బతికించవచ్చు గాని, ఉన్నంతకాలం దాన్ని కాచుకుంటూనే ఉండాలి. నీలి పామ్ ఎంచుకునేటప్పుడు చాలామంది తమ ఊళ్లో చలి ఎంత అని మాత్రమే చూస్తారు. వాన ఏ కాలంలో పడుతుంది, పడిన నీరు నేలలో ఎంతసేపు నిలుస్తుంది అన్నవి అంతకన్నా ముఖ్యమైన ప్రశ్నలని నా అనుభవం. బ్రాహియా పుట్టిన చోట రాతి నేల, పొడి గాలి, అరుదైన వాన. బంకమట్టిలో, వెచ్చని తడిలో దాని వేళ్లు ఊపిరాడక కుళ్లుతాయి. నేను పెంచిన మొదటి బ్రాహియా చనిపోయింది ఎండ వల్ల కాదు, వారానికి మూడుసార్లు ప్రేమగా పోసిన నీళ్ల వల్ల.

దాన్ని ఉంచుకోవాలనుకుంటే చుట్టుపక్కల నేలకన్నా మోకాలెత్తు మట్టి దిబ్బ కట్టి, అందులో సగానికి పైగా ముతక ఇసుక, కంకర కలపండి. రోజంతా ఎండ తగలాలి, గాలి ధారాళంగా ఆడాలి. కొత్తగా కొనేవారైతే మీ వాతావరణానికి బిస్మార్కియానే సరైనది. మారిషస్ దీవులకు చెందిన నీలి లటానియా కూడా ఉక్కను తట్టుకుంటుంది, అయితే మంచును ఏమాత్రం భరించలేదు.

ప్రశ్న: మా ప్రాంతంలో చలికాలపు రాత్రుల్లో ఉష్ణోగ్రత మైనస్ 8 డిగ్రీల వరకు పడిపోతుంది. అప్పుడే వానలు కూడా. నీలి పామ్ మాకు అందని పండేనా?

జవాబు: బిస్మార్కియా మాత్రం అందని పండే, మైనస్ 3 డిగ్రీల దగ్గరే దాని ఆకులు మాడటం మొదలవుతుంది. ముదిరిన బ్రాహియా పొడి నేలలో మైనస్ 8 చుట్టుపక్కల వరకు తట్టుకుంటుంది గాని, మీకు చలి, తడి కలిసి వస్తున్నాయి. ఆ రెండూ కలిస్తే పుస్తకాల్లో రాసిన అంకెలు పని చేయవు.

మీరు చూడవలసినవి వేరే ఉన్నాయి. మొరాకోలోని అట్లాస్ పర్వతాల మీద పెరిగే కామెరోప్స్ హ్యుమిలిస్ నీలి రకం పొదలా పిలకలు వేస్తుంది, మైనస్ 10 డిగ్రీల ప్రాంతం వరకు ఓర్చుకుంటుంది, చలికాలపు వానకు కూడా కొంత అలవాటు పడినది. అఫ్ఘానిస్తాన్, ఇరాన్ కొండల్లో కనిపించే నానోరాప్స్ చలికి ఇంకా గట్టిది. దానికి వేసవిలో మంచి వేడి కావాలి, తడి నేల అసలు పడదు. అర్జెంటీనాకు చెందిన ట్రైథ్రినాక్స్ కాంపెస్ట్రిస్ కూడా ఆలోచించదగినదే, కాకపోతే ఆకు చివరలు సూదుల్లా గుచ్చుకుంటాయి కనుక పిల్లలు ఆడుకునే చోట వద్దు.

ఏ జాతిని నాటినా ఇంటి గోడకు ఎండ తగిలే వైపున, చూరు కింద వాన నేరుగా పడనిచోట పెట్టండి. ఆకులు మాడితే మళ్లీ వస్తాయి. మొవ్వు పోతే చెట్టు పోయినట్టే, ఎందుకంటే ఒంటి బోదె పామ్‌కు ఎదిగే చోటు అదొక్కటే. చలికాలం వెళ్లాక మధ్యలోని విచ్చుకోని ఆకును రెండు వేళ్లతో మెల్లగా లాగి చూడండి. గట్టిగా ఉంటే భయం లేదు. అడుగున గోధుమ రంగులో, మెత్తగా, వాసన వేస్తూ ఊడి వస్తే కుళ్లు మొదలైందన్నమాట. అప్పుడు లోపలి నీటిని ఒంపేసి, రాగి కలిసిన శిలీంధ్రనాశినిని మొవ్వులో పోసి, పైన వాన పడకుండా కప్పు వేయాలి. వెంటనే పీకేయకండి, కొన్ని నెలల తర్వాత కొత్త ఆకు తొంగిచూసిన సందర్భాలు ఉన్నాయి.

ప్రశ్న: వారానికోసారి ఆకులను తడిగుడ్డతో తుడుస్తున్నా, నీలి రంగు తగ్గి పచ్చగా మారుతున్నాయి. ఏం చేయాలి?

జవాబు: తుడవడం మానేయండి. ఆకు లోపలి రంగు పచ్చదే. మీరు నీలమని మురిసిపోయేది దాని మీది మైనపు పొర. బొటనవేలితో ఒకసారి రుద్దితే వేలికి తెల్లని పొడి అంటుతుంది, ఆకు మీద పచ్చని గీత మిగులుతుంది. ఎండ తాకిడిని, నీటి నష్టాన్ని తగ్గించే ఆ పొర చెరిగిన చోట మళ్లీ పాత పూత రాదు. సబ్బు నీళ్లు, నూనె మందులు కూడా దాన్ని కరిగిస్తాయి. నీడలో పెరిగిన మొక్కకు మొదటి నుంచీ నీలం తక్కువగానే ఉంటుంది.

ప్రశ్న: ఆరేళ్ల బిస్మార్కియాను తవ్వి వేరేచోట నాటవచ్చునా? గింజలతో పెంచడం సులువా?

జవాబు: తప్పనిసరి అయితేనే కదపండి. పామ్ జాతుల్లో వేళ్లు తెగితే ఎక్కువగా బాధపడేవాటిలో ఇది ఒకటి. కనీసం ఆరు వారాల ముందే చుట్టూ వేళ్లను కోసి, కొత్త వేళ్లు రానిచ్చి, వేసవి వేడి మొదలయ్యాక పెద్ద మట్టిగడ్డతో సహా తీయాలి. మునుపటికన్నా లోతుగా మాత్రం పాతవద్దు.

గింజ సంగతి చూడముచ్చటగా ఉంటుంది. ఇది మన తాటికి దగ్గరి చుట్టం కనుక, తాటి టెంక లాగానే గింజ నుంచి ఒక లావాటి గొట్టాన్ని నేలలోకి దించి, ఆ లోతులో మొలకను తయారుచేసుకుని, తర్వాతే ఆకును పైకి పంపుతుంది. మొలిచిందో లేదో అని ఆత్రంగా తవ్విచూస్తే ఆ గొట్టం విరుగుతుంది. నా చేతిలో ఒకటి అలాగే పోయింది. చిన్న ట్రేలు వద్దు, మోచేతి లోతున్న కుండీలో నేరుగా విత్తండి.

ప్రశ్న: అడుగు ఆకులు నారింజ మచ్చలతో ఎండుతున్నాయి. కోసేయవచ్చునా?

జవాబు: కోయవద్దు. అది పొటాషియం లోపం. ముదురు ఆకుల్లోని పొటాషియంను చెట్టు లేత ఆకులకు తరలించుకుంటుంది. వాటిని నరికితే ఆ లోపం పై వరుస ఆకుల మీద పడుతుంది. పచ్చిక బయలుకు చల్లే నత్రజని ఎరువు పాదులోకి వెళ్తుంటే లోపం ఇంకా ముదురుతుంది. పామ్‌ల కోసం ఫ్లోరిడా విశ్వవిద్యాలయం ఒకప్పుడు సూచించిన 8-2-12 పాళ్ల నత్రజని, భాస్వరం, పొటాష్‌తో పాటు 4 పాళ్ల మెగ్నీషియం ఉండి, నెమ్మదిగా కరిగే ఎరువును వాడండి. మచ్చపడిన ఆకు తిరిగి బాగుపడదు. కొత్తగా వచ్చే ఆకులు ముదిరే వరకు, అంటే ఏడాదికి పైగానే, ఎదురుచూడాలి.

ప్రశ్న: కాంపౌండు గోడకు ఒక మీటరు దూరంలో బిస్మార్కియాను నాటవచ్చునా?

జవాబు: వద్దు. ఎదిగిన చెట్టు గొడుగు 7 మీటర్ల దాకా విచ్చుకుంటుంది. కనీసం నాలుగు మీటర్లు వదలండి; అంత చోటు లేకపోతే కామెరోప్స్ నాటుకోండి.