మరదలు చెల్లెలెలా అయింది?

ఇంటికి తెప్పించుకునే డీఎన్ఏ కిట్లు, వాటి ఫలితాలు, వంశవృక్షాల గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలకు ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం. సగానికి పైగా ఉత్తరాల్లో ఉన్నది ఒకే గొడవ కాబట్టి దానితోనే మొదలుపెడుతున్నాం.

ప్రశ్న: నేనూ, మా మేనమామ కూతురూ ఒకే కంపెనీలో పరీక్ష చేయించుకున్నాం. నాకంటే చిన్నది, వరసకు మరదలు. మా ఇద్దరికీ 1,236 సెంటిమోర్గాన్లు కలిశాయనీ, 51 ముక్కలనీ చూపించి, పక్కన 'హాఫ్ సిస్టర్ కావచ్చు' అని రాశారు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నిద్ర పట్టడం లేదు. మా అమ్మ మా నాన్నకి సొంత అక్క కూతురే, ఇది కూడా చెప్పాలా? (గృహిణి, బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: మీ ఉత్తరంలో ఆఖరి వాక్యమే జవాబు. మొదట అదే చెప్పాల్సింది.

ఇద్దరి డీఎన్ఏలో ఎంత మేర కలిసిందో కొలిచే కొలమానం సెంటిమోర్గాన్. తెగకుండా వరసగా కలిసిన ఒక్కో భాగం ఒక ముక్క. తల్లికీ బిడ్డకీ సుమారు 3,480 కలుస్తాయి. సొంత అక్కచెల్లెళ్లకు సగటున 2,600. తండ్రి ఒక్కరై తల్లులు వేరైతే, అంటే ఇలాంటి హాఫ్ సిస్టర్లకు, సగటు 1,760, కానీ 1,160 నుంచి 2,400 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. మేనమామ పిల్లలు, మేనత్త పిల్లలు, పెదనాన్న పిల్లలు అందరికీ సగటు 866, గరిష్ఠం 1,400 లోపు. మీ 1,236 ఈ రెండు గీతలూ ఒకదానిమీద ఒకటి పడే చోట ఉంది. కంప్యూటర్ రెండింట్లో ఒకటి ఎంచుకుంది. మేనరికాలు లేని దేశాల కుటుంబాలను చూసి తయారు చేసిన లెక్క అది. అక్క కూతుర్ని చేసుకోవడమనేది దానికి తెలియదు.

ఇప్పుడు మీ ఇంటి లెక్క చూడండి. మీ అమ్మమ్మ మీ నాన్నగారి అక్క, అంటే మీకు మేనత్త కూడా. ఆవిడ కొడుకైన మీ మేనమామ ఇటు నుంచి మామ, అటు నుంచి మేనత్త కొడుకు. కాబట్టి ఆయన కూతురు మీకు రెండు దారుల్లో చుట్టం: అమ్మ వైపు నుంచి మేనమామ కూతురుగా 866, నాన్న వైపు నుంచి మేనత్త కొడుకు కూతురుగా ఇంకో 433. కలిపితే 1,300 దరిదాపు. రెండు దారుల్లో వచ్చిన ముక్కలు ఒకే చోట పడితే కంపెనీ ఒక్కసారే లెక్కేస్తుంది కనుక అసలు సంఖ్య కొంత తగ్గుతుంది. మీకు వచ్చిన 1,236 సరిగ్గా అక్కడికే చేరింది.

ఇంకా సందేహం ఉంటే రెండు చోట్ల చూసుకోండి. మొదటిది ముక్కల సగటు పొడవు. 1,236ని 51తో భాగిస్తే 24 వస్తుంది. తండ్రి ఒక్కరే అయినవాళ్లకు ఇదే మొత్తం ఇంకా తక్కువ ముక్కల్లో, ఒక్కొక్కటీ ఇంచుమించు రెట్టింపు పొడవుతో వస్తుంది. రెండోది ఇంకా గట్టిది, ఎక్స్ క్రోమోజోమ్. తండ్రికి ఎక్స్ ఒక్కటే ఉంటుంది, దాన్ని ప్రతి కూతురికీ మార్పు లేకుండా మొత్తంగా ఇస్తాడు. కాబట్టి తండ్రి ఒక్కరే అయిన ఇద్దరు ఆడపిల్లలకు ఎక్స్ ఈ చివర నుంచి ఆ చివర దాకా తెగకుండా కలిసి తీరాలి. మధ్యలో ఎక్కడైనా పెద్ద ఖాళీ కనిపిస్తే తండ్రి ఒక్కరు కాదు, అక్కడితో ఆ మాట ముగిసినట్టే. కొంత మేర కలవడం మాత్రం మామూలే, ఎందుకంటే మీ మేనమామ ఎక్స్ మొత్తం మీ అమ్మమ్మ దగ్గర్నుంచి వచ్చిందే. కొన్ని కంపెనీలు క్రోమోజోముల పటం చూపించవు. అప్పుడు ఇద్దరి ముడి ఫైళ్లనూ (కంపెనీ చదివిన డీఎన్ఏ వివరాలు యథాతథంగా ఉండేవి) దించుకుని జెడ్‌మ్యాచ్ అనే సైట్‌లో ఎక్కించి, ఎక్స్ పోలిక విడిగా చూడాలి.

అదే సైట్‌లో తల్లిదండ్రులు ఒకరికొకరు చుట్టాలా అని చూసే పరీక్ష కూడా ఉంది. అమ్మ నుంచీ నాన్న నుంచీ ఒకేలా వచ్చిన భాగాలను అది కూడుతుంది. మేనమామను చేసుకున్నవారి పిల్లలకు జన్యుపటంలో ఎనిమిదో వంతు, అంటే 440 సెంటిమోర్గాన్ల చుట్టుపక్కల వస్తుంది. బావామరదళ్ల పిల్లలకు పదహారో వంతు, సుమారు 220. మీకు మొదటి సంఖ్యకు దగ్గరగా వస్తే కంగారు పడకండి. మీ ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే అది.

ప్రశ్న: మా అబ్బాయి పంపిన కిట్‌లో నాకు దక్షిణ భారతం 81 శాతం, శ్రీలంక 12, మధ్య ఆసియా 7 అని వచ్చింది. పోయినేడు శ్రీలంక 19 ఉండేది. మా పెద్దలు లంక నుంచి వచ్చారా? మా తమ్ముడికి అసలు మధ్య ఆసియానే రాలేదు. (విశ్రాంత ఉద్యోగి, కృష్ణలంక, విజయవాడ)

జవాబు: కృష్ణలంక నుంచి రాస్తూ లంక ఎక్కడిదని మమ్మల్నే అడుగుతున్నారు!

కంపెనీ చూసేది మీ డీఎన్ఏలోని సుమారు 300 కోట్ల అక్షరాల్లో ఆరేడు లక్షల చోట్లను మాత్రమే. వాటిని తన దగ్గరున్న నమూనాల పెట్టెతో పోల్చి, ఏ పెట్టెకి ఎంత దగ్గరో శాతాల్లో చెబుతుంది. ఇవాళ్టి మనుషులతో పోలికే తప్ప, మీ తాతముత్తాతలు నడిచిన దారి కాదు. తెలుగువారికీ, తమిళులకూ, శ్రీలంక తమిళులకూ మూలం చాలావరకు ఒకటే కావడంతో యంత్రం ఆ ముగ్గురి మధ్య గీత సరిగా గీయలేదు. పెట్టెలో నమూనాలు పెరిగినప్పుడల్లా గీత జరుగుతుంది. 19 కాస్తా 12 అయింది అందుకే. వచ్చే ఏడాది 5 కావచ్చు. మీ రక్తం మారదు, వాళ్ల లెక్క మారుతుంది.

పరిశోధకులు విరివిగా వాడే '1000 జీనోమ్స్' సేకరణలో తెలుగువారి నమూనాలు బ్రిటన్‌లో స్థిరపడినవారి నుంచి తీసుకున్నవి. గుంటూరు వేరు, శ్రీకాకుళం వేరు అని విడదీసే శక్తి అలాంటి పెట్టెకి ఉండదు.

తమ్ముడి సంగతి: తోబుట్టువులు సగటున సగమే పంచుకుంటారు. మీకు వచ్చిన ముక్క ఆయనకు రాకపోవచ్చు. ఇక మధ్య ఆసియా 7 శాతం అంటే ఫలానా ముత్తాత అటు నుంచి వచ్చాడని కాదు. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు, హార్వర్డ్ వారు కలిసి 2009లో ప్రచురించిన పనిలో తేలినదేమిటంటే, దాదాపు మనవాళ్లందరూ ఉత్తర, దక్షిణ ప్రాచీన జనసమూహాలు రెండింటి కలయికే. ఆ కలయిక సుమారు 1,900 నుంచి 4,200 ఏళ్ల కిందట జరిగిందని 2013లో లెక్కగట్టారు. ఆ పాత వాటానే యంత్రం కొందరిలో మధ్య ఆసియా అని చదువుతుంది. 5 శాతం లోపు అంకెలను మేమైతే అసలు పట్టించుకోం.

ప్రశ్న: మ్యాచ్‌ల జాబితాలో నాకు వందల మంది 'నాలుగో తరం కజిన్లు' కనిపిస్తున్నారు. ఒక్కరి ఇంటిపేరూ తెలియదు. ఉత్తరాలు రాస్తే, వాళ్లకీ నేను తెలియదు. (తెనాలి నుంచి ఒక ఉపాధ్యాయుడు)

జవాబు: అందులో చాలామంది నాలుగో తరం వాళ్లు కారు. పదో తరం వాళ్లు, అదీ అయిదారు దారుల్లో.

శతాబ్దాల పాటు కులం లోపలే పెళ్లిళ్లు జరిగితే ఎవరికి ఎవరైనా ఎన్నో వైపుల నుంచి దూరపు చుట్టమే అవుతారు. ఒక్కో దారిలో 6, 7 సెంటిమోర్గాన్ల చిన్న ముక్క వస్తుంది. అలాంటివి అయిదారు కలిస్తే మొత్తం 40 అవుతుంది. కంప్యూటర్ 40 చూసి దగ్గర చుట్టం అంటుంది. దక్షిణాసియాలో 263 సమూహాలను పరిశీలించిన 2017 నాటి అధ్యయనంలో 81 సమూహాలకు యూరప్‌లోని ఫిన్లాండ్ వారికన్నా, అష్కెనాజీ యూదులకన్నా ఈ బిగింపు ఎక్కువని తేలింది. యూదుల వంశవృక్షాలు కట్టేవాళ్లు ఎప్పటి నుంచో పడుతున్న తిప్పలే మీవి కూడా.

కాబట్టి మొత్తాన్ని వదిలి, అతి పొడవైన ముక్క ఎంతో చూడండి. 15 కంటే తక్కువైతే ఉత్తరం రాయకండి, మీ పోస్టేజీ దండగ. 30 దాటితే రాయండి. 15కీ 30కీ మధ్య ఉంటే, ఆ మనిషి ఊరు మీ పాత ఊళ్లలో ఒకటైతేనే రాయండి. నిజమైన రెండో తరం కజిన్‌కి, అంటే ముత్తాత ఒక్కరైన వాళ్లకి, సగటు 229 వస్తుంది. మూడో తరానికి 73, కొందరికి సున్నా కూడా రావచ్చు. సున్నా వచ్చిందని చుట్టం కాకుండా పోరు.

జాబితాను విడగొట్టడానికి మీ ఒక్కరి పరీక్ష చాలదు. ఇంట్లో పెద్దవాళ్ల చేత, నాన్న వైపు ఒకరితో, అమ్మ వైపు ఒకరితో చేయించాలి. మీ మేనత్త, మీ పిన్ని ఉంటే వాళ్లే మేలు. పై తరం వాళ్లలో ముక్కలు ఇంకా తెగి ఉండవు. కొత్తగా వచ్చిన మ్యాచ్ మేనత్తతో కలిసి పిన్నితో కలవకపోతే నాన్న వైపు అన్నమాట. ఇద్దరితోనూ కలిస్తే మేనరికపు ముడి. దాన్ని పక్కన పెట్టి తేలిక వాటితో మొదలుపెట్టండి.

డీఎన్ఏ చుట్టాన్ని చూపిస్తుంది కానీ పేరు చెప్పదు. పేర్లు కాగితాల్లో ఉంటాయి. రెవెన్యూ ఆఫీసులో ఆర్‌ఎస్‌ఆర్ (పాత భూముల సర్వే రిజిస్టర్), పాత అడంగళ్లు అడగండి, సర్వే నంబరు తెలిస్తే పని తొందరగా అవుతుంది. గుంటూరు జిల్లా 1904లో ఏర్పడింది. అంతకు ముందు నాటి తెనాలి, నరసరావుపేట కాగితాలు కృష్ణా జిల్లా పేరుతో ఉంటాయి, ఒంగోలు వైపువి నెల్లూరు పేరుతో ఉంటాయి. పెద్దలెవరైనా గయలో పిండం పెట్టి ఉంటే అక్కడి పండాల చిట్టాల్లో తరాల పేర్లు దొరకొచ్చు. ఊరి పేరు చెప్పి అడగాలి. ఒక శాఖ ఉన్నట్టుండి మాయమైతే నిజామాబాద్ వైపు బోధన్‌లోనో, కర్ణాటకలో సింధనూరు, గంగావతి క్యాంపుల్లోనో విచారించండి. నీళ్లు వచ్చిన చోటికల్లా మనవాళ్లు పొలాలు కొనుక్కుంటూ వెళ్లారు.

ప్రశ్న: నా వై హాప్లోగ్రూప్ 'హెచ్' అని వచ్చింది. మాదే గోత్రం, మాదే ఇంటిపేరు ఉన్న ఇంకొకరికి 'ఆర్1ఏ' అట. ఎవరిది తప్పు? (పటమట, విజయవాడ)

జవాబు: ఎవరిదీ కాకపోవచ్చు. వై హాప్లోగ్రూప్ అంటే వై క్రోమోజోమ్‌ను బట్టి పూర్వీకుల శాఖకు పెట్టిన పేరు. వై క్రోమోజోమ్ తండ్రి నుంచి కొడుక్కి వెళుతుంది. ఇంటిపేరు కూడా అంతే కదా అనిపిస్తుంది కానీ, మధ్యలో ఒక దత్తత, లేదా అల్లుడు మామగారి ఇంటిపేరు పెట్టుకున్న ఒక ఇల్లరికం ఉంటే చాలు, వై మారిపోతుంది, ఇంటిపేరు మిగులుతుంది. గోత్రం దానికంటే వదులు. హెచ్, ఎల్, జె2, ఆర్1ఏ అన్నీ తెలుగుదేశంలో అనేక కులాల్లో ఉన్నవే. అక్షరాన్ని బట్టి కులం చెప్పేవాడిని నమ్మకండి. హాప్లోగ్రూప్ చెప్పేది వందల తరాల పూర్వీకుల్లో ఒక్క గీత గురించి. ఎనిమిది తరాలు వెనక్కి వెళితే మీకు 256 మంది ఉండాలి (మేనరికాల వల్ల అంతమంది వేరువేరుగా ఉండరనుకోండి), వై చెప్పేది వారిలో ఒక్కరి సంగతే.

ప్రశ్న: మా నాయనమ్మ నమూనా రెండుసార్లు పాడైంది. (మంగళగిరి)

జవాబు: గొట్టంలో గీత దాకా రావాల్సింది ఉమ్మి, నురగ కాదు. నురగ అణిగాక గీతకు కిందకి పోతే మళ్లీ ఉమ్మించాలి. పెద్దవాళ్లకి నోరు ఎండుతుంది, బుగ్గల్ని బయటి నుంచి మెల్లగా రుద్దితే లాలాజలం ఊరుతుంది. అరగంట ముందు నుంచి కాఫీ, వక్కపొడి, తమలపాకు ఏవీ వద్దు. పరీక్షకు కావాల్సింది లాలాజలంలో కొట్టుకొచ్చే బుగ్గ లోపలి కణాలు, తెల్ల రక్తకణాలు. తిన్నది కలిస్తే అవి పలచబడతాయి. మూతలో ఉన్న ద్రవం పూర్తిగా కిందికి దిగేలా గట్టిగా బిగించి అయిదు సెకన్లు ఊపాలి. దిగకపోతే మే నెల ఎండలో పార్సిల్ కదిలేలోపే నమూనా చెడుతుంది. మూడోసారి బుగ్గను దూదిపుల్లతో రుద్దే రకం కిట్ తీసుకోండి. ఎముక మజ్జ మార్పిడి జరిగినవాళ్లు మాత్రం చేయించుకోకూడదు, దాత డీఎన్ఏ కలిసిపోతుంది.

ప్రశ్న: ఈ ఫలితం చూపించి పొలం వాటా అడగొచ్చా? (పొన్నూరు)

జవాబు: కుదరదు. గొట్టంలో ఉమ్మింది మీరేనని ఎవరు సాక్ష్యం? కోర్టు ఆదేశిస్తే హైదరాబాద్ సీడీఎఫ్‌డీ వంటి ప్రయోగశాలలో సాక్షుల ఎదుట నమూనా తీస్తారు. ఆ ఆదేశం కూడా అడగ్గానే రాదు. వివాహబంధంలో పుట్టిన బిడ్డ ఆ దంపతుల బిడ్డేనని చట్టం భావిస్తుంది. పాత సాక్ష్య చట్టంలో 112, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియంలో 116వ సెక్షన్. ముందు వకీలును కలవండి.

ప్రశ్న: ముడి ఫైల్‌ని వేరే సైట్‌లో పెడితే నాకు క్యాన్సర్ జన్యువు ఉందని వచ్చింది. సైట్లలో ఉన్న నా వివరాలన్నీ తీసేయాలనుకుంటున్నాను. (లక్ష్మీపురం, గుంటూరు)

జవాబు: తీసేయడం తర్వాత. ఇలాంటి ముడి ఫైళ్లలో కనిపించిన మార్పులను ప్రయోగశాలలో మళ్లీ పరీక్షిస్తే 40 శాతం అసలు లేనే లేవని 2018లో ఒక అధ్యయనం తేల్చింది. అరుదైన మార్పుల దగ్గరే కంపెనీలు డీఎన్ఏ చదవడానికి వాడే చిప్ ఎక్కువగా పొరబడుతుంది. ఫైల్ పట్టుకుని ఆపరేషన్ల దాకా ఆలోచించకండి. జన్యు సలహాదారుడిని కలిసి, రక్త నమూనాతో ఆ ఒక్క జన్యువుకి పరీక్ష చేయించుకోండి.

ఇక తీసేయడం గురించి. 2023లో 23అండ్‌మీ అనే కిట్ల కంపెనీ నుంచి సుమారు 69 లక్షల మంది వివరాలు దొంగలపాలయ్యాయి, 2025 మార్చిలో ఆ కంపెనీ దివాలా దరఖాస్తు పెట్టింది. మీ భయం అర్థం లేనిది కాదు. ముందు ముడి ఫైల్‌ని మీ కంప్యూటర్‌లోకి దించుకోండి, మళ్లీ దొరకదు. తర్వాత సెట్టింగ్స్‌లో పరిశోధనకు ఇచ్చిన అనుమతి రద్దు చేయండి, దాచిన ఉమ్మి నమూనాను పారేయమని అడగండి, ఆఖరున ఖాతా తొలగించండి. తొలగింపు కోరాక మెయిల్ వస్తుంది, అందులో నిర్ధారించకపోతే పని ఆగిపోతుంది. చాలామంది అక్కడే వదిలేస్తున్నారు. ఫైల్ ఎక్కించిన రెండో సైట్‌లో కూడా విడిగా తీసేయాలి, మొదటి కంపెనీకి దానితో సంబంధం లేదు.